నరాల మాత్రలు, మెదడు రసాయనాలు: మా కౌంటరు దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో హోసూరు రోడ్డు దగ్గర ఒక మందుల షాపులో పద్దెనిమిదేళ్లుగా ఫార్మసిస్టుని. మాది హిందూపురం వైపు. మెదడు, నరాలు, మనసు జబ్బులకు పేరున్న ఆసుపత్రి నిమ్హాన్స్ ఇక్కడే ఉండటంతో అనంతపురం, కడప, మదనపల్లె, కర్నూలు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగే తెలుగువాళ్లు మాకు రోజూ తగులుతూనే ఉంటారు. డాక్టరు కన్నడంలోనో ఇంగ్లీషులోనో చెప్పింది సగం బుర్రకెక్కి, మిగతా సగం చీటీతో పాటు మా కౌంటరు మీదికి వస్తుంది. "అన్నా, నువ్వు తెలుగా?" అని మొదలుపెడతారు. ఇక ప్రశ్నలే ప్రశ్నలు.

వెనక పదిమంది నిలబడి ఉంటే రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. ఏ మాత్ర ఎంత వేసుకోవాలో నేను చెప్పను, అది డాక్టరు పని. వేసుకున్న మాత్ర లోపలికి పోయి ఎక్కడ ఏం చేస్తుందో మాత్రం చెబుతాను. ఆ 'ఎక్కడ' తెలిస్తే దాని గుణం, దాని పెంకితనం రెండూ అర్థమవుతాయి.

అసలు న్యూరోట్రాన్స్‌మిటర్ అంటే ఏంటి?

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. అవి ఒకదానికొకటి అతుక్కుని ఉండవు. ఒక కణం కొసకీ ఇంకో కణానికీ నడుమ సందు ఉంటుంది, దాదాపు 20 నానోమీటర్లు. తలవెంట్రుక మందాన్ని నాలుగు వేల పొరలుగా చీల్చితే ఒక పొర ఎంతో అంత. కణంలో విద్యుత్తులా పరిగెత్తుకొచ్చిన కబురు ఆ సందు దగ్గర ఆగిపోతుంది. అవతలి ఒడ్డుకు దాన్ని మోసుకుపోయే రసాయనమే న్యూరోట్రాన్స్‌మిటర్.

ఇది రసాయనమే అని తేల్చింది రెండు కప్ప గుండెలు. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఒట్టో లోవీ ఒక కప్ప గుండెను, దానికి వచ్చే వేగస్ అనే నరంతో సహా, ఉప్పునీటిలో ఉంచాడు. నరానికి కరెంటు తగిలిస్తే గుండె నెమ్మదించింది. ఆ గుండె నానిన నీటిని తీసి, నరం లేని రెండో గుండెకు పెట్టాడు. అదీ నెమ్మదించింది! దానికి నరమూ లేదు, కరెంటూ తగల్లేదు. మొదటిదాని నుంచి దానికి వెళ్లింది నీళ్లే. ఆ నీళ్లలో ఉన్నది ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి లోవీకి నోబెల్ వచ్చింది. ఈ ప్రయోగం తనకు నిద్రలో తట్టిందని, మొదటి రాత్రి గిలికి పెట్టుకున్నది తెల్లారి తనకే అర్థం కాలేదని, మర్నాటి రాత్రి మళ్లీ తట్టగానే లేచి నేరుగా ప్రయోగశాలకు పోయానని ఆయనే చెప్పుకున్నాడు.

ఇవి దేనితో తయారవుతాయి? బయటి నుంచి ఎక్కిస్తారా?

ఎక్కించరు. మనం తిన్న పప్పు, గుడ్డు, పాలు, మాంసం నుంచే కణాలు తయారు చేసుకుంటాయి. ప్రొటీన్ అరిగితే అమైనో ఆమ్లాలు వస్తాయి. అందులో టైరోసిన్ అనేదాన్ని ఒక ఎంజైము (ఒక రసాయనాన్ని ఇంకోటిగా మార్చే ప్రొటీన్) కాస్త మారిస్తే ఎల్-డోపా. దాంట్లో ఇంకో ఎంజైము చిన్న ముక్క కత్తిరిస్తే డోపమైన్. కొన్ని కణాల్లో పని అక్కడితో ఆగిపోతుంది. ఇంకొన్ని కణాలు విటమిన్ సి సాయంతో ఆ డోపమైన్‌ను నారడ్రినలిన్ చేస్తాయి, మరికొన్ని ఇంకో అడుగు వేసి అడ్రినలిన్ చేస్తాయి. ఒకే పిండి, పెనం మీద పోస్తే దోసె, గుంతల్లో పోస్తే పొంగనాలు. ఏ కణంలో ఏ ఎంజైము ఉందన్నదాన్ని బట్టే సరుకు.

ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి సెరోటోనిన్ వస్తుంది. నాకు బాగా నచ్చేది మాత్రం గ్లుటమేట్, గాబా జంట. గ్లుటమేట్ మెదడును ఉరకలెత్తించేది. గాబా అణిచిపెట్టేది. ఈ రెండో దాన్ని చేసేది మొదటి దాంతోనే! నడుమ ఒక్క ఎంజైము, దానికి తోడు విటమిన్ బి6. "టీబీకి ఇన్ని బిళ్లలిచ్చి మళ్లీ ఈ చిన్న బిళ్ల ఎందుకు సార్?" అని అడుగుతుంటారు. ఆ చిన్న బిళ్ల బి6. టీబీ మందు ఐసోనియజిడ్ ఒంట్లోని బి6ను హరిస్తుంది. మామూలు డోసులో కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కకుండా ఆ బిళ్ల కాపాడుతుంది. పొరపాటున ఐసోనియజిడ్ బాగా ఎక్కువ పడితే గాబా తయారీ పడిపోయి ఆగని ఫిట్స్ వస్తాయి. దానికి విరుగుడు కూడా బి6 ఇంజెక్షనే.

తయారైన సరుకు కణం కొసన చిన్న చిన్న సంచుల్లో నిండుతుంది. ఒక్కో సంచి 40 నుంచి 50 నానోమీటర్లు, ఒక్కోదాంట్లో వేల అణువులు. సంచి దానంతటది నిండదు, శక్తి ఖర్చు పెట్టి లోపలికి తోడాలి. ఆ శక్తి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది, కణానికి అదే ఇంధనం. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ ఏటీపీని వేరుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఈ మాట చెప్పినప్పుడు కౌంటరు అవతల మనవాళ్ల మొహాలు చూడాలి.

కబురు కొసకు చేరగానే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, సంచులు గోడకు తగిలి నోరు తెరుచుకుంటాయి, సరుకు సందులో పడుతుంది. సెకనులో వెయ్యో వంతు పని.

సంచుల్లో దాచుకోని బాపతు కూడా ఉన్నాయి. 1992లో కనుగొన్న ఒకదానికి మన 'ఆనంద' మాటతోనే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. అది అప్పటికప్పుడు తయారై, వెనక్కి, అంటే కబురు పంపిన కణం వైపుకే వెళుతుంది. గంజాయిలోని మత్తు పదార్థం పోయి కూర్చునేది దీని రిసెప్టర్ల మీదే, అంటే కణం మీద ఈ రసాయనాన్ని అందుకునే చోట్ల మీదే.

అరటిపండులో సెరోటోనిన్ ఉందట, రోజుకు నాలుగు తింటే మనసు బాగవుతుందా?

ఉన్నమాట నిజమే, మెదడుకు చేరదు. మెదడు రక్తనాళాల గోడ బిగుతైన జల్లెడ లాంటిది, సెరోటోనిన్‌ను పోనివ్వదు. మన ఒంట్లో సెరోటోనిన్‌లో 90 శాతం దాకా ఉండేది పేగుల్లోనే, అది కూడా పైకి ఎక్కదు. అరటిపండు ఆకలికి తినండి.

రిసెప్టర్ అంటే తాళం, మాత్ర తాళంచెవి అని చదివాను. నిజమేనా?

మొదటి రోజు పాఠానికి ఆ పోలిక చాలు. రెండో రోజు నుంచి చాలదు.

రిసెప్టర్లు ముఖ్యంగా రెండు తరహాలు. ఒకటి తలుపు లాంటిది. రసాయనం తగలగానే తెరుచుకుంటుంది, సోడియమో క్లోరైడో లోపలికి పోతుంది, మిల్లీసెకన్లలో అయిపోతుంది. రెండోది కాలింగ్ బెల్ లాంటిది. బెల్లు నొక్కితే తలుపు తెరుచుకోదు. లోపల ఎవరో లేస్తారు, ఇంకొకర్ని లేపుతారు, ఆమె పొయ్యి వెలిగిస్తుంది, ఇంకెవరో పాలు తెస్తారు. కాస్త ఆలస్యం, కానీ ఇల్లంతా కదులుతుంది. డోపమైన్ రిసెప్టర్లు అయిదూ ఈ బెల్లు తరహావే. సెరోటోనిన్‌వి ఏడు కుటుంబాలు, వాటిలో ఒక్కటి తప్ప అన్నీ బెల్లులే.

ఇంకో సంగతి. ఎసిటైల్‌కోలిన్ చేతి కండరానికి తగిలితే అది బిగుస్తుంది. గుండెకు తగిలితే అది నెమ్మదిస్తుంది. అదే రసాయనం, రిసెప్టర్ వేరు. అందుకే "డోపమైన్ అంటే సంతోషం, సెరోటోనిన్ అంటే ప్రశాంతత" అని గోడ మీద పోస్టరు వేసినట్టు చెప్పేవాళ్ల మాట నాకు రుచించదు. అర్థం అందుకునే కణంలో ఉంటుంది.

ఇక మాత్రల సంగతి. కొన్ని రిసెప్టర్ మీద కూర్చుని అసలు రసాయనం లాగే బెల్లు నొక్కుతాయి. కొన్ని బెల్లు మీద చెయ్యి అడ్డం పెడతాయంతే, తామూ నొక్కవు, ఇంకొకర్ని నొక్కనివ్వవు. సైకోసిస్‌కు (లేనిపోని అనుమానాలు, చెవిలో మాటలు వచ్చే జబ్బుకు) ఇచ్చే అరిపిప్రజోల్ లాంటివి సగం నొక్కుతాయి. డోపమైన్ పొంగుతున్న చోట దాన్ని తగ్గించినట్టూ, లేని చోట కొంచెం ఇచ్చినట్టూ ఉంటుంది.

దాదాపు ఏ మాత్రా ఒక్క రిసెప్టర్‌తో సరిపెట్టుకోదు. పొరుగింటి బెల్లు మీద కూడా చెయ్యి పడుతుంది. సైడ్ ఎఫెక్టుల్లో చాలావాటి పుట్టుక అదే. జలుబుకు వేసుకునే అవిల్ నిద్ర తెప్పించేది మెదడులో హిస్టమిన్ రిసెప్టర్‌ను మూసినందుకు. సైకోసిస్ మందు ఒలాంజపిన్ కూడా ఆ రిసెప్టర్‌ను మూస్తుంది. మత్తు, ఆకలి పెరగడం వెనక దాని చెయ్యి ఉంది.

పని అయిపోయాక ఆ రసాయనం ఏమవుతుంది?

దీన్ని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే మొత్తం కథలో ఇదే కీలకం. సందులోంచి రసాయనాన్ని వెంటనే తీసెయ్యకపోతే తర్వాతి కబురు వినపడదు. దారులు రెండు: పంపిన కణమే మళ్లీ లోపలికి లాక్కోవడం, లేదా అక్కడే ఎంజైముతో ముక్కలు చేయడం.

ఎసిటైల్‌కోలిన్‌ది రెండో దారి. దాన్ని విరిచే ఎంజైము మహా చురుకైనది, ఒక్క ఎంజైము అణువు సెకనుకు వేల అణువులను విరుస్తుంది. అది ఆగిపోతే ఏమవుతుందో చూడాలంటే మన ఊళ్లలో పొలం గట్టు మీదికి పోవాలి. మా మేనమామ వేరుశనగకు మందు కొడుతుండగా డబ్బా కారి వీపంతా తడిసింది. ఎండకు చొక్కా అలాగే ఆరబెట్టుకున్నాడు. సాయంత్రానికి చొక్కా మార్చినా ఆగని చెమట, నోట్లోంచి జొల్లు, కళ్లలో నీళ్లు, కంటిపాప సూదిమొనంత. కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. ఆ జాతి పురుగుమందులు, ఆర్గానోఫాస్ఫేట్లు, చేసేది ఒక్కటే పని: ఆ ఎంజైమును పట్టుకుని వదలవు. ఎసిటైల్‌కోలిన్ పోగుపడి ప్రతి గ్రంథినీ, ప్రతి కండరాన్నీ తడుతూనే ఉంటుంది.

ఆసుపత్రిలో ఎట్రోపిన్ ఎక్కించారు, ఒకసారి కాదు, ఊపిరితిత్తుల్లో నీరు ఆరేదాకా మళ్లీ మళ్లీ. ఎట్రోపిన్ ఎంజైమును బాగుచేయదు. గ్రంథుల మీద, గుండె మీద ఉన్న రిసెప్టర్లకు అడ్డం కూర్చుంటుంది. కండరాల రిసెప్టర్లను అది తాకదు, వాటికి వేరే మందు. మామ బతికాడు. మన దిబ్బల మీద పెరిగే ఉమ్మెత్తలో ఉన్నవీ ఎట్రోపిన్ జాతి రసాయనాలే. అందుకే ఉమ్మెత్త తిన్నవాడికి నాలుక పిడచకట్టుకుపోతుంది, కంటిపాప విచ్చుకుంటుంది, సంధి మాటలు మాట్లాడతాడు. సరిగ్గా పురుగుమందుకు తిరగేసి. అలాగని ఉమ్మెత్త నూరి పోయకండి బాబూ. బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, డబ్బా కూడా పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి.

అదే ఎంజైమును మెల్లగా, కొంతవరకే ఆపితే మందు అవుతుంది. మతిమరుపు వ్యాధికి ఇచ్చే డొనెపెజిల్ చేసేది అదే.

సెరోటోనిన్, డోపమైన్, నారడ్రినలిన్ ఎక్కువగా మొదటి దారిన, వెనక్కి లాక్కోబడతాయి. డిప్రెషన్ మాత్రల్లో ఎక్కువ భాగం పనిచేసేది ఆ లాక్కునే పంపు మీదే.

మా నాయనకు పార్కిన్సన్, ఆ వణుకు, బిగుతు జబ్బు. మాత్ర అన్నానికి ముందే వేయమంటారెందుకు?

నడుమెదడును అడ్డంగా కోస్తే మామూలు మనిషిలో రెండు నల్లటి చారలు కంటికే కనిపిస్తాయి. డోపమైన్ చేసే కణాలు అక్కడివి. పార్కిన్సన్ మనిషిలో ఆ నలుపు వెలిసిపోయి ఉంటుంది. నిమ్హాన్స్‌లో మెదడు మ్యూజియం ఉంది, మామూలు జనాన్ని కూడా రానిస్తారు. చేతికి తొడుగేసుకుని అసలైన మెదడును పట్టుకుని చూశాను. కిలోకు పైన బరువు, ఇంత తింటామా దీనికోసం అనిపించింది.

డోపమైన్ తక్కువైతే డోపమైనే ఇవ్వొచ్చు కదా? జల్లెడ దాటదు. దానికి ముందటి మెట్టు, ఎల్-డోపా, దాటుతుంది. ఇది బయటపడటంలో మన దేశం చెట్టుకూ పాత్ర ఉంది. సర్పగంధ వేరును పిచ్చికీ రక్తపోటుకూ వాడొచ్చని 1931లో కలకత్తా నుంచి గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ రాశారు. దాంట్లోంచి తీసిన రెసర్పిన్ సంచులు నింపే తోడుడు పనిని ఆపేస్తుంది, సంచులు ఖాళీ. 1957లో స్వీడన్‌లో అర్విద్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ ఇస్తే చెవులు వాల్చి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. 2000లో ఆయనకు నోబెల్ అందింది.

ఇక మీ ప్రశ్న. ఎల్-డోపా కూడా అమైనో ఆమ్లమే. పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి అది ఎక్కే బండిలోనే పప్పులోంచి, గుడ్డులోంచి వచ్చిన అమైనో ఆమ్లాలూ ఎక్కుతాయి. సంగటీ పప్పూ కడుపునిండా తిని మాత్ర వేస్తే దానికి సీటు దొరకదు. "మాత్ర వేసినా నాయన కుర్చీలోంచి లేవలేదన్నా" అని ఒకాయన మూడు నెలలు తిరిగాడు. తీరా చూస్తే మాత్ర వేసేది పొద్దున రెండు గుడ్ల నడుమ. డాక్టరుతో మాట్లాడి అరగంట ముందుకు జరిపారు. మాత్రలో కలిసి ఉండే కార్బిడోపా ఎందుకంటే, మెదడు బయటే ఎల్-డోపా డోపమైన్‌గా మారిపోయి వాంతులు చేయించకుండా. అది జల్లెడ దాటదు కాబట్టి లోపల జరిగే మార్పును ఆపదు. ఇంత తెలివైన జోడీ మందుల్లో అరుదు.

దూలగొండి గింజల్లో అదే మందు ఉందట కదా, పొడి వాడితే పోలా?

ఉంది. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి ఆ గింజల్లోంచి ఎల్-డోపాను వేరుచేశారు. అందుకే భయం. డాక్టరిచ్చిన మాత్రా, ఆన్‌లైన్‌లో తెప్పించిన పొడీ రెండూ పడితే డోసు రెండింతలో ఎంతో ఎవరికీ తెలియదు. ఒళ్లు మెలికలు తిరగడం, లేనివి కనిపించడం మొదలవుతాయి. పొడి వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి.

డిప్రెషన్ మాత్ర వేసి వారమైంది, ఏం గుణం లేదు, పైగా వికారం. మానేయొచ్చా?

పంపును ఆ మాత్ర మొదటి రోజే మూస్తుంది. గుణం కనపడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు. సెరోటోనిన్ విడుదల చేసే కణానికి తన మీదే కాపలా రిసెప్టర్లు ఉంటాయి. సందులో సరుకు పెరగగానే అవి "చాల్చాల్లే" అని విడుదల తగ్గిస్తాయి. రోజూ మాత్ర పడుతుంటే ఆ కాపలా క్రమంగా మొద్దుబారుతుంది, అప్పుడు అసలు పెరుగుదల వస్తుంది. ఆలస్యానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. కణాల నడుమ అల్లిక మారడానికి పట్టే సమయం ఇంకొకటి.

వికారానికి ఆలస్యం లేదు, ఎందుకంటే పేగుల్లోనూ అదే సెరోటోనిన్. సాధారణంగా వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. తిన్నాక వేసుకుంటే కొంత నయం. ఇంట్లోవాళ్లకు ఒక మాట: మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్లలోపు పిల్లల్ని, కనిపెట్టుకుని ఉండండి. విసుగు, అశాంతి పెరిగినా, చావు మాటలు వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ రోజే తీసుకురండి.

మాన్పించేటప్పుడు కూడా ఉన్నట్టుండి ఆపకూడదు. పారోక్సెటిన్ ఒంట్లోంచి తొందరగా పోతుంది, ఆపగానే తల తిరుగుడు, కరెంటు షాకులు కొట్టినట్టు అంటారు. ఫ్లూఒక్సెటిన్ వారాల తరబడి నిలుస్తుంది, అందుకే అంత గోల ఉండదు.

సెరోటోనిన్ తక్కువైతే డిప్రెషన్ అన్నది అబద్ధమని తేలిందట, మరి మాత్రలెందుకు?

2022లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష, డిప్రెషన్ ఉన్నవాళ్లలో సెరోటోనిన్ తక్కువగా ఉంటుందనడానికి నిలకడైన ఆధారం లేదంది. నా ఉద్దేశంలో అది సబబే. 'కెమికల్ ఇంబాలెన్స్' అన్నది రోగికి రెండు నిమిషాల్లో చెప్పడానికి వీలుగా ఉంది కాబట్టి నిలిచిన మాట. నేనూ చెప్పాను, ఒప్పుకుంటాను. కానీ జ్వరం పారాసిటమాల్ తక్కువై రాదు. అయినా పారాసిటమాల్‌కు తగ్గుతుంది. మాత్ర పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న, జబ్బు ఎందుకొచ్చిందన్నది వేరే ప్రశ్న. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి కొంచెం, కొందరికి మార్చాల్సి వస్తుంది.

మా పిల్లోడికి అనుమానాలు, చెవిలో మాటలు తగ్గాయి గానీ చేతులు వణుకుతున్నాయి. మందు పడలేదా?

మందు పడింది, కాస్త ఎక్కువ చోట్ల పడింది. సైకోసిస్ మందులు డోపమైన్ డి2 రిసెప్టర్లకు అడ్డం కూర్చుంటాయి. సుమారు 65 శాతం మూస్తే గుణం కనిపిస్తుంది. 80 దాటితే పార్కిన్సన్ లాంటి వణుకు, బిగుతు వస్తాయి. నడుమ ఉన్న ఇరుకు దారిలో నడపడమే డాక్టరు నేర్పు. డోపమైన్ మామూలుగా పాల హార్మోన్‌ను అణిచిపెట్టి ఉంచుతుంది. మందు వల్ల ఆ అణచివేత పోతే ఆడపిల్లలకు నెల తప్పడం, రొమ్ముల్లో పాలు రావడం జరగొచ్చు. సిగ్గుపడి దాచొద్దు తల్లీ, మందు మార్చితే పోతుంది.

వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డం పడుతుంది. ఉమ్మెత్త జాతి పనే అన్నమాట: నోరు ఎండటం, మలబద్ధకం, ముసలివాళ్లకు తికమక. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా డి2ను మూసేదే. వయసులో ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ పడ్డ కాసేపటికి మెడ ఓ పక్కకు లాక్కుపోయి, కళ్లు పైకి తేలేస్తే ఇంట్లోవాళ్లు గాలి సోకిందని హడలిపోతారు. ఒక సూదితో నిమిషాల్లో సర్దుకుంటుంది. ఇంకో వాంతుల మందు డోంపెరిడోన్ జల్లెడను అంతగా దాటదు కాబట్టి ఈ గొడవ అరుదు.

క్లోజపిన్ అనే సైకోసిస్ మందు వేసుకునేవాళ్లు సిగరెట్ మానేస్తే డాక్టరుకు ముందే చెప్పాలి. పొగ ఆ మందును కాలేయంలో తొందరగా ఖర్చు చేయిస్తుంది. పొగ ఆగితే అదే డోసు ఒంట్లో పెరిగిపోతుంది.

నిద్ర మాత్ర అలవాటవుతుందా? నాలుగే ఇవ్వు అన్నా, చీటీ పోయింది.

ఇవ్వను. అల్ప్రాజోలం, డయజెపామ్ లాంటివి షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితాలో ఉన్నాయి. డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని బిళ్లలు అన్నీ రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. దీనికి నా మీద కోపగించుకున్న బంధువులు కూడా ఉన్నారు.

ఇవి గాబా బదులు పనిచేయవు. గాబా తగిలినప్పుడు క్లోరైడ్ తలుపు మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. సారా, బ్రాందీ కూడా ఆ తలుపు దగ్గరే వేలు పెడతాయి, అందుకే రెండూ కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం. వారాల తరబడి వాడితే మెదడు తన సర్దుబాటు తాను చేసుకుంటుంది: గాబా మాట వినడం తగ్గించి, గ్లుటమేట్ వైపు గొంతు పెంచుతుంది. ఆ స్థితిలో మాత్ర ఒక్కసారిగా ఆపితే ఆ పెరిగిన గొంతే మిగులుతుంది. నిద్ర పోతుంది, చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి. తెలంగాణలో అల్ప్రాజోలం, డయజెపామ్ కలిపిన కల్తీ కల్లు దొరకని రోజుల్లో జనం ఆసుపత్రుల్లో వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో చేరింది ఇందుకే. వాళ్లకు తెలిసింది కల్లు మానామని, మెదడుకు తెలిసింది మాత్ర ఆగిందని.

సాయంత్రం కాఫీ తాగితే నిద్ర పట్టదంటారు. బై-టూ కదా, సగమే!

ఇది సుబ్బారావుగారి దగ్గరికే తిరిగొస్తుంది. పగలంతా మెదడు ఏటీపీని ఖర్చు చేస్తుంటే దాని తునకగా అడెనోసిన్ పోగవుతుంది. అది రిసెప్టర్‌కు తగిలితే నిద్ర ముంచుకొస్తుంది. కాఫీలోని కెఫిన్ ఆ రిసెప్టర్‌కు అడ్డం కూర్చుంటుంది, బెల్లు మీద చెయ్యి పెట్టినట్టు. అలసట పోలేదు, వినపడటం లేదంతే. కెఫిన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు. అయిదింటికి దర్శిని హోటల్లో నిలబడి తాగిన ఫిల్టర్ కాఫీలో సగం రాత్రి పదింటికి ఇంకా లోపలే. రోజూ తాగేవాళ్లు ఒకరోజు మానేస్తే తలనొప్పి వచ్చేదీ ఈ అడెనోసిన్ వల్లే. బై-టూ అయినా ఫిల్టర్ డికాక్షన్ చిక్కదనం మీరే చూసుకోండి.

డోపమైన్ డీటాక్స్ చేస్తున్నాను, రెండు రోజులు ఫోన్ ముట్టలేదు. రక్తపరీక్షలో డోపమైన్ తగ్గిందో లేదో తెలుస్తుందా?

మారతహళ్లి వైపు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల ప్రశ్న ఇది. ఫోన్ పక్కన పెట్టడం మంచిదే, నేనూ పెట్టాలి. దానివల్ల ఒంట్లోంచి డోపమైన్ కడుక్కుపోదు. కడుక్కుపోతే కార్ల్‌సన్ కుందేళ్లలా పడి ఉంటారు. రక్తంలో డోపమైన్ కొలిచినా మెదడు సంగతి చెప్పదు, నడుమ జల్లెడ ఉంది. ఆ పరీక్షకు డబ్బు పెట్టొద్దు.

ఈ మాత్రలతో పాటు దగ్గుకు, నొప్పికి ఏమైనా వేసుకోవచ్చా?

అడిగి వేసుకోండి. డిప్రెషన్ మాత్ర వాడుతూ నొప్పికి ట్రమడాల్, పొడి దగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ సిరప్, మొండి ఇన్ఫెక్షన్‌కు లినెజోలిడ్ తోడైతే సెరోటోనిన్ హద్దు మీరుతుంది: చెమట, వణుకు, కాళ్లు ఎగిరెగిరి పడటం, జ్వరం. లినెజోలిడ్ యాంటీబయాటిక్ కదా, దానికేం పని అంటారా? సెరోటోనిన్‌ను విరిచే ఎంజైమును అది కూడా ఆపుతుంది. ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలతో కడుపులో రక్తస్రావం అవకాశం పెరుగుతుంది, ఎందుకంటే రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకూ సెరోటోనిన్ కావాలి. మనసు ఒకసారి పొంగి ఒకసారి కుంగే జబ్బుకు లిథియం వాడేవాళ్లకు ఇబుప్రోఫెన్ ఇంకా చేటు, మందు కిడ్నీలోంచి పోక రక్తంలో పెరుగుతుంది. మన అనంతపురం ఎండల్లో నీళ్లు తాగక ఒళ్లు ఎండినా అంతే. ఉప్పు ఉన్నట్టుండి మానేసినా అంతే.

మాత్ర పెద్దగా ఉంది, విరిచి వేయొచ్చా?

నడుమ గీత ఉంటే సాధారణంగా విరవొచ్చు. స్ట్రిప్ మీద పేరు పక్కన ఎస్ఆర్, సీఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉంటే అడక్కుండా విరవకండి, నూరనే కూడదు. అవి పన్నెండు గంటలో, రోజంతానో కొంచెం కొంచెం కరగడానికి చేసినవి. నూరితే రోజు డోసంతా గంటలో రిసెప్టర్ల మీద పడి, సాయంత్రానికి ఏమీ మిగలదు. కిందటి నెల ఒక అవ్వ మనవడి మాత్రలను రోట్లో మెత్తగా నూరి, తేనెలో రంగరించి పెట్టింది, వాడికి గొంతు దిగడం లేదని. పొద్దున పదింటికి మత్తుగా తూగి, రాత్రికి మళ్లీ గోల. "నేను ప్రేమగా పెట్టాను నాయనా" అంది. డాక్టరుకు ఫోన్ చేస్తే అదే మందు సిరప్ రూపంలో రాశారు. అవ్వ సీసా అందుకుని, మూతి తిప్పి వాసన చూసి, దీంట్లో తేనె కలపొచ్చా అనడిగింది. కలపొచ్చన్నాను.